"బీవా మెహికో": ఆ కేకకు ముందు పిలిచే పేర్లు

తెలుగు నినాదాల్లో "వర్ధిల్లాలి", "నశించాలి" అని ఒక జంట ఉంది కదా. మెక్సికో వాళ్ల "బీవా", "ముయేరా" అచ్చం అలాంటి జంటే. బతకడం అనే క్రియకు ఆశీరర్థక రూపం బీవా. చావడం అనే క్రియకు అదే రూపం ముయేరా. అంటే "బీవా మెహికో"కు అర్థం "మెక్సికో వర్ధిల్లుగాక". నిఘంటువు ఇంతవరకే తీసుకెళ్తుంది. ఏటా సెప్టెంబరు 15 రాత్రి స్వాతంత్ర్య వేడుకలో దేశమంతటా మోగే ఈ కేక బరువు తెలియాలంటే దానికి ముందు పిలిచే పేర్ల వరుసను చూడాలి.

ముందు ఉచ్చారణ సంగతి. మనం సాధారణంగా "వివా మెక్సికో" అంటాం. స్పానిష్‌లో మాట మొదట్లో వచ్చే ఆ హల్లును రెండు పెదాలూ కలిపి 'బ' అనే పలుకుతారు. రెండు అచ్చుల నడుమ పడ్డప్పుడు మాత్రం పెదాలు పూర్తిగా కలవవు, మన 'వ'కు దగ్గరగా వస్తుంది. అందుకే "బీవా". దేశం పేరులో మనం 'క్స' అనే చోట వాళ్లు 'హ' అంటారు. ఆ 'హ' కూడా గొంతులో కాస్త గరగరగా పలుకుతుంది, ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది. కేకకు వాళ్ల మాట "గ్రీతో". అందులో ఉన్నది మన దంత్యమైన 'త'యే, 'ట' కాదు. ఈ కేక పుట్టిన "దోలోరెస్" ఊరి పేరులోనూ మన 'ద'యే ఉంది. ఇంగ్లీషువాళ్లు కష్టపడి నేర్చుకునే ఈ రెండు ధ్వనులూ తెలుగు నోటికి పుట్టుకతోనే ఉన్నాయి, వాటిని 'ట', 'డ'లుగా మార్చి పాడుచేసుకోవద్దు. కేక మొదట వేసిన "ఇదాల్గో" పేరు రాతలో 'హ'తో మొదలవుతుంది, పలకడంలో ఆ 'హ' ఉండదు.

ఇక అసలు కేక. 1810 సెప్టెంబరు 16, ఆదివారం తెల్లవారుజాము. గ్వానహ్వాతో ప్రాంతంలోని దోలోరెస్ ఊళ్లో చర్చి గంట మోగించి జనాన్ని పిలిచినవాడు ఆ ఊరి పూజారి మిగెల్ ఇదాల్గో. స్పెయిన్ పాలన మీద తిరుగుబాటు డిసెంబరులో మొదలుపెట్టాలన్న ఆలోచన ఉండగా, కెరెతారో నగరంలో కుట్ర బయటపడిపోయింది. అక్కడి అధికారి భార్య హోసెఫా ఓర్తిస్‌ను భర్త గదిలో పెట్టి తాళం వేస్తే, ఆమె నేలను మడమతో తన్ని కింద ఉన్న మనిషికి సైగ చేసి కబురు పంపిందని చెబుతారు. ఆ కబురు అందుకుని అల్దామా అనే సైనికాధికారి రాత్రికి రాత్రి ఇదాల్గో ఇంటికి చేరాడు. మరో సైనికాధికారి అయెందే అప్పటికే అక్కడ ఉన్నాడు. ఆగితే అరెస్టు తప్పదు. అందుకే ఆ తెల్లవారుజామునే గంట మోగింది.

ఆయన ఏమన్నాడో మాటకు మాట రాసిపెట్టినవాళ్లు లేరు. తర్వాతి కథనాలు ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు, కానీ వాటిలో తరచుగా కనిపించేవి ఇవి: మతం వర్ధిల్లాలి, గ్వాదలూపె మాత (మెక్సికన్లు కొలిచే మరియమ్మ) వర్ధిల్లాలి, రాజు ఫెర్నాందో వర్ధిల్లాలి, అమెరికా వర్ధిల్లాలి, చెడ్డ ప్రభుత్వం నశించాలి. ఫెర్నాందో అంటే స్పెయిన్ రాజు ఏడవ ఫెర్నాందోయే. 1808 నుంచి అతను నెపోలియన్ చెరలో ఉన్నాడు. స్పెయిన్ సింహాసనం మీద నెపోలియన్ అన్న కూర్చున్నాడు. రాజు పేరు చెప్పి, రాజు ప్రతినిధుల పాలనను పడగొట్టమన్న పిలుపు అది. ఆ వరుసలో "మెహికో" లేదు. ఉండే అవకాశమూ తక్కువే: అప్పటికి ఆ నేల పేరు "నూతన స్పెయిన్". 1813లో తిరుగుబాటుదారుల చిల్పాన్సింగో సభ స్వాతంత్ర్యం ప్రకటించినప్పుడు కూడా దేశాన్ని "ఉత్తర అమెరికా" అనే అర్థమిచ్చే పేరుతోనే పిలిచింది. ఈనాటి నినాదానికి గుండెకాయ అయిన మాట మొదటి కేకలో లేదన్నది చాలామందికి మింగుడుపడదు. నా దృష్టిలో నినాదం గురించి తెలుసుకోవలసిన మొదటి విషయం ఇదే.

ఈ తేదీని పండుగగా నిలబెట్టినవాళ్లు యుద్ధం మధ్యలో ఉన్నవాళ్లే. 1812లో ఉయిచాపాన్ ఊళ్లో తిరుగుబాటు నాయకుడు లోపెస్ రయోన్ మొదటిసారి వేడుక చేశాడు. మరుసటి ఏడు మరో నాయకుడు మోరెలోస్ తన రాజకీయ ప్రకటనలో సెప్టెంబరు 16ను ఏటా జరపాలని రాశాడు. మెక్సికో మీద విదేశీ చక్రవర్తిగా దిగిన మాక్సిమిలియన్ సైతం 1864లో దోలోరెస్ వెళ్లి అక్కడే ఈ వేడుక జరిపాడు. నేలను తనదిగా చూపించుకోవాలంటే ఆ కేక వేయక తప్పదని అతనికీ అర్థమైంది. 1896లో అధ్యక్షుడు పోర్ఫీరియో దియాస్ దోలోరెస్ గంటను రాజధానికి తెప్పించి జాతీయ భవనం నడిమి బాల్కనీ మీద కట్టించాడు. దియాస్ తన పుట్టినరోజు కోసం పండుగను 15వ తేదీకి మార్చాడని అందరూ అంటారు. ఆయన పుట్టింది సెప్టెంబరు 15నే, అది నిజం. కానీ 15 రాత్రి వేడుకలు ఆయన గద్దెనెక్కకముందు నుంచే ఉన్నాయి.

ఇప్పటి పద్ధతి ఇలా ఉంటుంది. రాత్రి పదకొండు ప్రాంతంలో అధ్యక్షులు సైనిక విద్యార్థుల దళం చేతుల మీదుగా జెండా అందుకుని సోకలో మైదానం వైపు బాల్కనీలోకి వస్తారు. "మెహికానోస్!" అని సంబోధించి, "బీవాన్ లోస్ ఎరోఎస్ కే నోస్ దియెరోన్ పాత్రియా!" అంటారు: మనకు స్వదేశాన్నిచ్చిన వీరులు వర్ధిల్లాలి. తర్వాత ఇదాల్గో, మోరెలోస్, హోసెఫా, అయెందే, అల్దామా, మాతామోరోస్, జాతీయ స్వాతంత్ర్యం. ప్రతి పిలుపుకూ మైదానం జవాబిస్తుంది. చివర "బీవా మెహికో" మూడుసార్లు. ఆపైన గంట తాడు లాగుతారు, జెండా ఊపుతారు, జాతీయగీతం, బాణసంచా. గీతం మొదటి పాదంలోనూ ఇదే "గ్రీతో" ఉంది: మెక్సికన్లారా, యుద్ధపు కేక వినగానే అని మొదలవుతుంది. రాష్ట్రాల్లో గవర్నర్లు, ఊళ్లలో పురపాలక అధ్యక్షులు, విదేశాల్లో రాయబారులు ఇదే నడిపిస్తారు. మర్నాడు ఉదయం సైనిక కవాతు.

ఆ పేర్లను ఒక్కసారి నిదానంగా చూడండి. అయెందే, అల్దామాలను 1811 జూన్‌లో, ఇదాల్గోను జూలై 30న చిహ్వాహ్వాలో కాల్చేశారు. వాళ్ల తలలను గ్వానహ్వాతోలోని ధాన్యాగారం మూలలకు వేలాడదీశారు, అవి 1821 వరకు అక్కడే ఉన్నాయి. మాతామోరోస్ 1814లో, మోరెలోస్ 1815లో అదే చావు చచ్చారు. ఈ ఐదుగురిలో ఒక్కరూ స్వాతంత్ర్యం చూడలేదు. మరి 1821 సెప్టెంబరు 27న విజయసేనతో రాజధానిలోకి నడిచిన అగుస్తీన్ దె ఇతుర్బీదె పేరు? వరుసలో లేదు. మరుసటి ఏడే చక్రవర్తిగా కిరీటం పెట్టుకున్నాడు, రిపబ్లిక్ అతన్ని క్షమించలేదు. ముగించినవాణ్ని వదిలి, మొదలుపెట్టి ఓడినవాళ్లను పిలవడం ఈ నినాదం స్వభావం.

వరుసను ఏ రాతిలోనూ చెక్కలేదు, ప్రతి అధ్యక్షుడూ కొంత సవరిస్తాడు. 2020లో మహమ్మారి వల్ల సోకలో ఖాళీగా ఉండగానే కేక వేశారు. పిలుపు ఉండి మైదానం నుంచి జవాబు లేకపోతే ఎలా ఉంటుందో ఆ రాత్రి తెలిసింది. 2022లో అప్పటి అధ్యక్షుడు లోపెస్ ఓబ్రదోర్ అవినీతి, వర్గ దురహంకారం, జాత్యహంకారం నశించాలని అరిచాడు. ఎన్నడో వేడుక నుంచి జారిపోయిన "ముయేరా" సగం అలా తిరిగొచ్చింది. అలా రావడం సబబేనంటాను, 1810 నాటి కేకలో అది ఉన్నదే. 2025లో క్లౌదియా షేన్‌బౌమ్ ఈ కేక నడిపిన మొదటి మహిళా అధ్యక్షురాలైంది. హోసెఫాను భర్త ఇంటిపేరుతో కాకుండా పుట్టింటి పేరుతో "హోసెఫా ఓర్తిస్ తేయెస్ హిరోన్" అని పిలిచింది. లెయోనా వికారియో, హెర్త్రూదిస్ బోకానెగ్రా, మనుయేలా మోలీనా పేర్లు చేర్చింది, పేరు తెలియని వీరవనితలనూ, వలస వెళ్లిన సోదరీసోదరులనూ తలచింది. ఒక్క ఇంటిపేరు మార్పు ఎంత పని చేస్తుందో గమనించారా? రెండు వందల ఏళ్లుగా ఫలానా దొరగారి భార్యగా ఉన్న మనిషి తన పేరుతో తాను నిలబడింది.

చిన్న సమావేశంలో దీన్ని నడపాల్సి వస్తే కొన్ని జాగ్రత్తలు. పిలిచేది ఒక్కరే ఉండాలి. జవాబు చెప్పాల్సింది గుంపు కాబట్టి, పిలిచినవాళ్లు పేరు చివరి అక్షరంతో ఠక్కున ఆగిపోవాలి. జవాబులో తామూ గొంతు కలిపితే తర్వాతి పేరుకు ఊపిరి చాలదు. మొదటి పిలుపును పై స్థాయిలో ఎత్తుకోవద్దు, మూడో "మెహికో" దగ్గరకొచ్చేసరికి గొంతు చీలుతుంది. ఒక్కరి పేరైతే "బీవా", ఇద్దరు కలిసినా వీరులందరినీ అన్నా "బీవాన్". కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. జవాబులో మాత్రం అంతటా "బీవా" అన్నా ఎవరూ తప్పుపట్టరు. పేర్లు పది దాటితే జవాబు నీరసపడుతుంది, కాబట్టి మీరు చేర్చదలచినవి ఒకటి రెండు చాలు. జెండా మూడో "మెహికో" తర్వాతే ఊపండి, ముందే ఊపితే అందరూ దాన్నే చూస్తూ జవాబు మరిచిపోతారు. కర్ర పక్కన ఆకుపచ్చ రావాలి. మధ్యలో నాగజెముడు మీద పామును పట్టిన గద్ద ఉండాలి. గద్ద లేకపోతే చూసేవాళ్లకు అది ఇటలీ జెండాలాగే ఉంటుంది. గీతం పాడేటప్పుడు కుడి అరచేయి కిందికి చూసేలా ఛాతీకి అడ్డంగా, గుండె ఎత్తులో పెడతారు. మే 5న మాత్రం ఇదంతా పెట్టుకోవద్దు. అది 1862లో ప్వెబ్లా దగ్గర ఫ్రెంచి సేనను ఓడించిన రోజు, స్వాతంత్ర్య దినం కాదు.

"బీవా మెహికో" తర్వాత "కబ్రోనెస్" అని చేర్చడం వీధుల్లో వింటారు. అది బూతు. స్నేహితుల మధ్య ఆప్యాయంగా చెల్లుతుంది, పెద్దల ముందు, సభల్లో చెల్లదు. ఇంకా ఘాటైన తిట్టుతో ముగిసే రూపమూ ఉంది. దాని మీద కవి ఒక్తావియో పాస్ 1950లో రాస్తూ, ఆ రాత్రి మెక్సికన్లు తమను తాము ఇతరులకు ఎదురు నిలిపి చాటుకుంటారన్నాడు. ఫుట్‌బాల్ మైదానంలో "చికితిబుమ్ అ లా బిమ్ బొమ్ బా" అని మొదలై "మెహికో, మెహికో, రా రా రా" అని ముగిసేది అర్థంతో పనిలేని లయ, పిల్లలకూ వస్తుంది. ప్రత్యర్థి గోల్‌కీపర్ బంతి తన్నేటప్పుడు అరిచే ఒంటి మాట స్వలింగ సంపర్కుల మీద తిట్టు, దానికి ఫిఫా ఎన్నోసార్లు జరిమానా వేసింది. దాన్ని దేశభక్తి నినాదాల్లో కలపకండి.

మాటల్లేని గ్రీతో మరొకటి. మరియాచీ (మెక్సికో సంప్రదాయ వాద్యబృందం) పాటలో వాద్యాలు ఒంటరిగా సాగే చోట శ్రోత "ఆఆఆయ్" అని తీసే కూత అది. గాయకుడి పాదం మీద పడకూడదు, పాదానికీ పాదానికీ నడుమ ఖాళీలో రావాలి. గొంతుతో కాకుండా కడుపులోంచి ఊపిరి తోసి, పలుచని పై స్థాయికి ఒక్కసారిగా ఎక్కి, నవ్వూ ఏడుపూ కలిసినట్టు విరుపులతో దిగాలి. సెప్టెంబరు 15 రాత్రి మైదానంలో అధికారిక కేక అయ్యాక వాద్యాలు మొదలవుతాయి. అక్కడి నుంచి తెల్లవారే దాకా వినిపించేది ఈ రెండో రకమే.