జత పట్టుకోవాలా, వరుస కోసం వెళ్లాలా: వీడియో పోకర్ పట్టికల లెక్క

వీడియో పోకర్ యంత్రాన్ని స్లాట్ యంత్రంతో ఒకే గాటన కట్టేవారు ఒక పెద్ద తేడాను వదిలేస్తున్నారు. స్లాట్ యంత్రంలో ఏ బొమ్మ ఎంత తరచుగా పడుతుందో ఆడేవారికి తెలియదు కనుక, పెట్టిన సొమ్ములో సగటున ఎంత తిరిగి వస్తుందో బయట నిలబడి లెక్కకట్టలేము. వీడియో పోకర్ సంగతి వేరు. తెర మీద పేకముక్కలు చూపే యంత్రంలో ప్రతి ముక్కా నిజమైన కట్టలో వచ్చేంత అవకాశంతోనే రావాలని అమెరికాలోని నెవాడా రాష్ట్ర నిబంధన చెబుతుంది. అయిదు ముక్కలు వస్తాయి, కావలసినవి ఉంచుకుంటాము, మిగిలినవాటిని ఒక్కసారి మార్చుకుంటాము. ఇక తెలియవలసింది ఏ చేతికి, అంటే చివరికి మిగిలే అయిదు ముక్కల ఏ కూర్పుకు, ఎంత చెల్లిస్తారో చెప్పే పట్టిక ఒక్కటే, అది తెర మీదనే ఉంటుంది.

తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు సంభావ్యత చెప్పే నాకు ఈ ఆట మీద ఉన్న ఇష్టమంతా ఆ పట్టిక మీదనే. డబ్బు పెట్టి ఆడే ఆలోచన ఎవరికీ రాకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నాటి చట్ట సవరణ ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది, 2025లో కేంద్ర చట్టమూ వచ్చింది. లెక్కకు కాగితం, ఒక ల్యాప్‌టాప్ చాలు.

అందరూ కొలబద్దగా తీసుకునే ఆట ‘జాక్స్ ఆర్ బెటర్’. ఒక నాణేనికి జాకీల జత లేదా అంతకన్నా పెద్ద జతకు 1, రెండు జతలకు 2, మూడు ఒకే రకానికి 3, వరుసకు (అంకెలు వరసగా ఉన్న అయిదు ముక్కలు) 4, ఫ్లష్‌కు (అయిదూ ఒకే రంగు, అంటే ఇస్పేటు, ఆఠీను వంటి ఒకే గుర్తు) 6, ఫుల్ హౌస్‌కు (మూడు ఒకే రకం, ఒక జత) 9, నాలుగు ఒకే రకానికి 25, స్ట్రెయిట్ ఫ్లష్‌కు (ఒకే రంగులో వరుస) 50, అయిదు నాణేలు పెట్టి ఆడినవారికి రాయల్ ఫ్లష్‌కు (ఒకే రంగులో పది నుంచి ఆసు దాకా) 800 చొప్పున ఇస్తుంది. తప్పు లేకుండా ఆడితే సగటు రాబడి 99.54 శాతం. ఆ ఆటలో ఫుల్ హౌస్ 1.15 శాతం చేతుల్లో, ఫ్లష్ 1.10 శాతం చేతుల్లో వస్తాయి. కనుక ఫుల్ హౌస్‌కిచ్చే 9ని 8 చేస్తే రాబడి 98.39కి, రెంటినీ ఒక్కొక్కటి తగ్గించి 8, 5 చేస్తే 97.30కి దిగుతుంది. పైకి ఒక్క అంకె తేడా మాత్రమే కనబడుతుంది కనుక, ఆటశాలలు కోత పెట్టేది సాధారణంగా ఈ రెండు చోట్లనే.

ఇంతవరకు గుణకారం, కూడిక: ప్రతి చేతి పౌనఃపున్యాన్ని, అంటే అది ఎంత తరచుగా వస్తుందో దాన్ని, దాని చెల్లింపుతో గుణించి అన్నిటినీ కూడడం. విచిత్రమైన పట్టికలు వచ్చినప్పుడే ఈ పద్ధతి కాలు జారుతుంది. ‘ఆల్ అమెరికన్’ అనే ఆటలో వరుస, ఫ్లష్, ఫుల్ హౌస్ మూడింటికీ సమానంగా 8 ఇస్తారు. నాలుగు ఒకే రకానికి 40, స్ట్రెయిట్ ఫ్లష్‌కు 200. దానికి బదులుగా రెండు జతలకు ఇచ్చేది 2 కాదు, 1. మా తరగతిలో ఒక అమ్మాయి పాత ఆటలోని పౌనఃపున్యాలను ఈ కొత్త చెల్లింపులతో గుణించి, 97.34 శాతమని తేల్చి, “సార్, ఇది నాసిరకం పట్టిక” అన్నది. గుణకారంలో ఏ లోపమూ లేదు. అయితే ఈ పట్టిక అసలు రాబడి 100.72 శాతం, అంటే సరిగా ఆడేవాడికి, చాలా కాలం మీద, యంత్రమే కొద్దిగా బాకీ పడుతుంది.

మధ్యలో ఉన్న ఆ మూడు శాతానికి పైగా తేడా ఎక్కడిది? ఇస్పేటు 5, ఆఠీను 6, డైమను 7, కళావరు 8, ఇస్పేటు 8 వచ్చాయనుకుందాము. ఎనిమిదుల జతను ఉంచుకుంటే పాత పట్టికలో (జాక్స్ ఆర్ బెటర్‌లో) దాని విలువ, అంటే ఒక నాణేనికి సగటున తిరిగి వచ్చేది, 0.824. 5, 6, 7, 8లను ఉంచుకుంటే మిగిలిన 47 ముక్కల్లో నాలుగులు, తొమ్మిదులు కలిపి ఎనిమిది పనికొస్తాయి. 8ని 4తో గుణించి 47తో భాగిస్తే 0.681. జతదే పైచేయి. ఆల్ అమెరికన్‌లో జత విలువ 0.695కి పడిపోతుంది, వరుస కోసం వెళ్లడం 1.362కి ఎగబాకుతుంది. శ్రీవారి మెట్టు దారిలో దర్శన టోకెన్లు ఎక్కువగా ఇస్తారని తెలిస్తే అలిపిరి దారి జనంలో కొందరు అటు మళ్ళినట్టే, చెల్లింపు మారగానే ఆటగాడి ఎంపిక మళ్ళుతుంది, దానితో పాత పౌనఃపున్యాలకు కాలం చెల్లుతుంది.

గణితంగా చెప్పాలంటే, ఒక ఆటతీరును మార్చకుండా పట్టుకుని ఒక చెల్లింపును పెంచుకుంటూ పోతే రాబడి సరళరేఖ వెంట నడుస్తుంది. ఎన్ని ఆటతీరులుంటే అన్ని రేఖలు. ప్రతి చోటా వాటిలో అన్నిటికన్నా పైనున్నదే అసలు రాబడి కనుక, ఆ గీత పైకి వంగుతుందే తప్ప ఎన్నడూ కిందికి వంగదు. అందువల్ల పాత పౌనఃపున్యాలతో కట్టిన లెక్క ఎప్పుడూ కనీస విలువనే ఇస్తుంది. ఫ్లష్‌ను 6 నుంచి 5 చేసినప్పుడు ఆ లెక్క 98.442 చూపితే నిజం 98.450, తేడా దాదాపు ఏమీ లేదు. ఆల్ అమెరికన్ వంటి పట్టికలో అదే తేడా పెట్టుబడి మొత్తం మీద లాభనష్టాలనే తారుమారు చేసింది. నా దృష్టిలో ఈ ఆటలో అందమైన విషయం ఇదొక్కటే, మిగిలినదంతా ఓపిక.

ఓపిక అని తేలికగా అన్నాను గాని, కంప్యూటర్‌కు ఆ పని చిన్నది కాదు. మొదటి చేతులు 25,98,960. ఒక్కొక్కదానికి ఉంచుకునే మార్గాలు 32. రంగులు మార్చినా విలువ మారని చేతులను కలిపేస్తే 1,34,459 మిగులుతాయి, అప్పుడు మామూలు ల్యాప్‌టాప్ కూడా మొరాయించదు.

‘డ్యూసెస్ వైల్డ్’ అనే ఇంకొక ఆటలో 2 అంకె ఉన్న ముక్కలన్నీ జోకర్లే కనుక పౌనఃపున్యాలన్నీ వేరు. అక్కడ నాలుగు ఒకే రకం 6.5 శాతం చేతుల్లో వస్తుంది. పూర్తి చెల్లింపు పట్టికలో దానికి 5 ఇస్తారు, రాబడి 100.76. ఆ 5ని 4 చేసి, ఫుల్ హౌస్‌ను 3 నుంచి 4కు, ఫ్లష్‌ను 2 నుంచి 3కు, స్ట్రెయిట్ ఫ్లష్‌ను 9 నుంచి 10కి, అయిదు ఒకే రకాన్ని 15 నుంచి 16కు పెంచిన ఇంకొక పట్టిక ఉంది. నాలుగు చోట్ల పెంచి ఒక్కచోట కోసినట్టు కనిపించే ఆ పట్టిక రాబడి 99.73 మాత్రమే.

తరగతికి ఇచ్చిన చివరి లెక్క చిన్నది: జాక్స్ ఆర్ బెటర్‌లో మిగిలినవన్నీ అలాగే ఉంచి, వరుసకు ఎంత ఇస్తే ఎనిమిదుల జతను వదిలేయాలి? 0.824ను 47తో గుణించి 8తో భాగిస్తే 4.84. వరుసకు 4 బదులు 5 ఇస్తే చాలు.