ప్లేట్‌లెట్లు పెరిగాక మిగిలిన నీరసం

డెంగీ వచ్చిన ఇంట్లో అందరి చూపూ ప్లేట్‌లెట్ల లెక్క మీదే ఉంటుంది. నాకు ఆ లెక్క లక్షన్నర దాటిన రోజున గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. రెండు నెలలు గడిచినా సత్యనారాయణపురంలో మా రెండో అంతస్తు ఎక్కేటప్పుడు నేను మధ్యలో కూర్చోవలసి వచ్చేది. "జ్వరం పడి లేచిన ఒళ్లు, బాగా తింటే అదే సర్దుకుంటుంది" అనేది అమ్మ. నేనూ అదే నమ్మి ఆలస్యం చేశాను.

చివరికి సూర్యారావుపేటలో ఒక వైద్యురాలికి చూపించుకున్నాను. పగలు నిద్ర ముంచుకొస్తోందా, కండల్లో బలం చాలడం లేదా, మెట్లెక్కితే ఆయాసమా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా, లేక ఏ పని మీదా మనసు పోవడం లేదా అని ఆమె విడివిడిగా అడిగేదాకా, ఇన్నిటినీ నేను నీరసమన్న ఒక్క మాటలో కుక్కేస్తున్నానని నాకు తోచలేదు. తరువాత హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు రాశారు. జ్వరం తరువాత వచ్చిన నీరసమంతా జ్వరం వల్లనే కాకపోవచ్చు. సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతూ, దగ్గు ఉండి, బరువు తగ్గుతుంటే క్షయ ఉందేమో కూడా చూడాలి. నన్ను కాసేపు పడుకోబెట్టి, ఆపై పది నిమిషాలు నిలబెట్టి నాడి, బీపీ చూశారు. పెద్దవారిలో బీపీ పడిపోకుండానే గుండె వేగం నిమిషానికి 30 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగి అలాగే నిలిచిపోతే దానికి చికిత్స వేరు.

అన్నిటికంటే నాకు మేలు చేసినది ఒక నోటుపుస్తకం. ఏ పని చేశానన్నదే కాక, మరునాడు, ఆ పై రోజు ఎలా ఉన్నానో రాయమన్నారు. ఒక ఆదివారం బీసెంటు రోడ్డులో పెళ్లి బట్టలు కొని హుషారుగానే ఇల్లు చేరాను. మంగళవారం స్నానానికి చెంబు ఎత్తడమే కష్టమైంది. శ్రమ తరువాత ఒకటి రెండు రోజులు ఆలస్యంగా ఇలా కుంగిపోవడం ముఖ్యమైన గుర్తు. ఈ లక్షణం ఉన్న దీర్ఘకాలిక అలసట రోగులకు వ్యాయామాన్ని పట్టుబట్టి పెంచుకుంటూ పోయే చికిత్స ఇవ్వవద్దని బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో చెప్పింది. అందుకే, రోజూ ప్రకాశం బ్యారేజీ దాకా నడిస్తే ఒళ్లు గట్టిపడుతుందన్న బంధువుల మాటను, అది ఎంత ప్రేమతో చెప్పినదైనా, నేను పక్కన పెట్టాను.

గత వారం రెండో అంతస్తు దాకా ఎక్కడా ఆగకుండా ఎక్కాను. రెండు రోజులు గడిచేదాకా ఆ సంగతి అమ్మకు చెప్పలేదు.