ఇల్లు అమ్మాం, పియోనీలు తెచ్చుకున్నాం

మొన్న శనివారం చివరి పియోనీ కుదురు కూడా కొత్త ఇంట్లో నాటేశాను. నడుం ఇంకా పట్టేసే ఉంది. అయినా తవ్వడం, నాటడం పెద్ద కష్టం కాదు. అమెరికాలో ఇల్లు మారుతూ పియోనీల్లాంటి పూలమొక్కలు తీసుకెళ్దామనుకునేవాళ్ళు పార పట్టేముందు అమ్మకం కాగితాలు పట్టుకోండి.

మిషిగన్‌లో, నోవైలోని మా పాత ఇంటి ముందు ఇవి మేం కొనేనాటికే ఉన్నాయి. ఫెస్టివా మాక్సిమా అనే రకం, 1851 నాటిది. తెల్లటి పువ్వు మధ్యలో కుంకుమ చిలకరించినట్టు ఎర్ర మరకలుంటాయి. ఇన్నేళ్ళూ ఎరువూ నీళ్ళూ నేనే చూసుకున్నాను.

ఇక్కడ నేలలో వేరూనిన మొక్క ఇంటితో పాటే అమ్ముడైపోయినట్టు లెక్క. కుండీలోదైతే మనదే. నేలలోది కావాలంటే కొనుగోలు అగ్రిమెంట్‌లో మినహాయింపు రాయించాలి. ఈ సంగతి మా ఏజెంటుకు మొదటి రోజే చెప్పాను. తెలుగువాడు, మనవాడని పెట్టుకున్న మనిషి. "అదంతా నేను చూసుకుంటాను అన్నయ్యా, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. చూసుకున్నదేమిటంటే, జూన్‌లో అవి విరగబూసినప్పటి ఫోటోను లిస్టింగ్‌లో, అంటే ఇంటి అమ్మకం ప్రకటనలో, మొట్టమొదట పెట్టడం! కాగితంలో మినహాయింపు లేదేమని అడిగితే, వాళ్ళకు నోటిమాటగా చెప్పేశానన్నాడు. ఇంటి లావాదేవీలో నోటిమాటకు విలువేముంది?

ఇన్‌స్పెక్షన్ రోజు నేను కుదుళ్ళకు రిబ్బన్లు కడుతున్నాను. కొనేవాళ్ళు, వాళ్ళ ఏజెంటు అక్కడికొచ్చి ఎందుకని అడిగారు. వాళ్ళకెవరూ ఏమీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. మనవాడు నవ్వేసి, అందరి ముందూ ఇంగ్లీషులో, "సార్‌కి పొదలంటే ప్రాణం, ఎత్తుకెళ్ళరులెండి" అన్నాడు. నా ఇంటి ముందు, మా ఆవిడ చూస్తుండగా, నన్ను దొంగను చేశాడు. తర్వాత పక్కకు తీసుకెళ్ళి, "పొదల కోసం డీల్ పోగొట్టుకుంటారా అన్నయ్యా" అని నాకే సుద్దులు. మనవాడు కదా అని పని అప్పగించేవాళ్ళు ఒకసారి ఆగి ఆలోచించండి. కమీషన్ దగ్గర మాత్రం అన్నయ్య, తమ్ముడు ఏమీ ఉండవు.

చివరికి నేనే కొనేవాళ్ళతో మాట్లాడాను. కుర్ర జంట, మంచివాళ్ళు. పాత కుదురును ఎలాగూ విడదీయాలి, ప్రతిదాంట్లోంచీ ఒక ముక్క మీకు నాటి ఇస్తానంటే ఒప్పుకున్నారు. వాళ్ళ ఏజెంటమ్మ అక్కడికక్కడే ఒక్క వాక్యం రాసి అందరి చేతా సంతకాలు పెట్టించింది. ఒక్కటే వాక్యం!

మిగతాదంతా సాఫీగా జరిగింది. తవ్వే ముందు నేలలోని లైన్లు గుర్తు పెట్టించుకునే నంబరు 811కి చెప్తే ఉచితంగానే వచ్చి గ్యాస్ లైనుకు పసుపు, కరెంటుకు ఎరుపు గుర్తులు పెట్టి వెళ్ళారు. సెప్టెంబరులో కాడలు కోసేసి, దూరం నుంచి గుండ్రంగా తవ్వి, దుంప లేపి కడిగాను. తవ్వగానే కోస్తే వేళ్ళు పుటుక్కున విరుగుతాయి. కొన్ని గంటలు నీడలో ఉంచితే కాస్త మెత్తబడతాయి. ముక్కకు మూడు నుంచి అయిదు కళ్ళు, అంటే దుంప మీది చిగురు మొగ్గలు, ఉండేలా కోయాలి.

ఇక లోతు. దుంప కదా అని మనవాళ్ళు లోతుగా పూడ్చేస్తారు. కన్ను మీద మట్టి రెండంగుళాలు దాటకూడదు, దాటితే ఆకులే తప్ప పువ్వులుండవు. నేను స్కేలు పెట్టి కొలిచాను, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. రోజుకు కనీసం ఆరుగంటల ఎండ ఉండాలి. ఇదివరకు పియోనీ ఉన్న గుంటలోనే మళ్ళీ నాటకపోవడం మంచిది. అందుకే పాత ఇంట్లో వాళ్ళ ముక్కలను కూడా కాస్త పక్కకు జరిపి పెట్టాను. మొగ్గల మీద చీమలు చేరితే మందు కొట్టకండి, తేనె కోసం వస్తాయంతే.

హైదరాబాద్‌లో మా తమ్ముడు తనకూ ఓ ముక్క తెమ్మంటున్నాడు. వీటికి నెలల తరబడి గట్టి చలి ఉంటేగానీ పూత రాదు, అక్కడ కుదరదురా అంటే, నేను పిసినారినట!

వచ్చే వేసవిలో పువ్వులు ఆశించడం లేదు. చోటు మార్చి నాటినవి పూతకు ఒకటి రెండేళ్ళు ఆగడం మామూలే. నేల గడ్డకట్టాక మొదటి చలికాలానికి గడ్డి కప్పి, వసంతం రాగానే తీసేయాలి. ఆ ఏజెంటేమో ఐదు స్టార్ల రివ్యూ రాయమని మెసేజ్ పెట్టాడు. జవాబివ్వలేదు.