జోధ్‌పూర్ ఎండలో తోక గబ్బిలాలు

మే నెలలో జోధ్‌పూర్ వెళ్తున్నామంటే ఇంట్లో ఒక్కరూ మంచి మాట అనలేదు. తమ్ముడికి సెలవు అప్పుడే దొరికింది. రెంటచింతల పక్కన పుట్టి పెరిగినదాన్ని, ఎండ నాకు కొత్తా అనుకున్నాను. కొత్తే. భగత్ కీ కోఠీలో రైలు దిగేసరికి గాలి మొహాన్ని కాల్చేసింది. అక్కడివాళ్లు దాన్ని ‘లూ’ అంటారు. మన వడగాలిలాంటిదే గానీ, అక్కడ చెమట పట్టినట్టే తెలియదు, పట్టీపట్టగానే ఆరిపోతుంది. ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో నాలుక పిడచగట్టాక తెలుస్తుంది. జోధ్‌పూర్‌కి ఉత్తరాన ఉన్న ఫలోదీలోనే 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది.

నాకు ఇంకో దిగులు. పదేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నాను. మందు ఎండకి పాడవుతుంది కాబట్టి నీళ్లలో ముంచితే ఉబ్బే గింజలున్న గుడ్డ సంచి ఒకటి వెంట తీసుకెళ్తాను. తడి ఆరుతూ లోపల చల్లగా ఉంచుతుంది, మన కుండలాగే. అందులో చిన్న థర్మామీటరు కూడా. ఇంటి దగ్గర ఒకసారి తడిపితే రెండు రోజులు ఆగే సంచి, జోధ్‌పూర్‌లో సాయంత్రానికల్లా మళ్లీ నీళ్లడిగింది. చల్లగా ఉండాలంటే నీళ్లు ఖర్చు పెట్టాలి. ఆ లెక్క బుర్రలో ఉండగానే జోధ్‌పూర్ పక్కనున్న మండోర్ వెళ్లాం.

మెహరాన్‌గఢ్ కోట గురించి చాలామంది రాశారు కాబట్టి వదిలేస్తున్నాను. మండోర్‌కి ఆటో నాలుగు వందలు. తొమ్మిది కిలోమీటర్లకి నాలుగు వందలేమిటని తమ్ముడు గొడవపడ్డాడు. ఎండ చూపించి, ఇంకెవరూ రారన్నాడు ఆటో అతను. నిజంగానే ఎవరూ రాలేదు. రాజుల సమాధి మండపాలు చూసి వస్తుంటే, నీడ కావాలా అని అతనే ఒక పాత బావడీ దగ్గర ఆపాడు. మెట్లబావి. అడుగున నీళ్లు లేవు, చెత్త ఉంది. మెట్ల పక్కన రాతి గది, చీకటి, ముక్కులు అదిరే వాసన. ఇంట్లో అలాంటి వాసన వస్తే పారిపోయేదాన్ని. అక్కడ మాత్రం లోపలికే నడిచాను. బయట 45 చూపించిన థర్మామీటరు, లోపల పది నిమిషాలకి 34కి దిగింది.

ఫోన్ లైటు వెయ్యబోతే వెనకనుంచి కర్ర చప్పుడు. కాపలా తాత. “లైటు వద్దు బేటీ. బెదిరి బయటికి పోతే చచ్చిపోతాయి” అన్నాడు హిందీలో. అప్పుడు చూశాను, గబ్బిలాలు. పైకప్పు రాళ్ల సందుల్లో బొటనవేలంత ఒళ్లు, దాని వెనక ఎలుక తోకలాంటి సన్నటి పొడవాటి తోక. ఒకటీ రెండూ కాదు, గోడ పొడవునా. ఒక్కటీ రెక్క విసురుకోవడం లేదు.

నాకు ఆశ్చర్యం అక్కడే మొదలైంది. మా ఊరి చెరువుగట్టు మర్రిచెట్టు నిండా పెద్ద గబ్బిలాలు వేలాడేవి. రోహిణి కార్తెలో పొద్దున పదింటినుంచే రెక్కలతో విసురుకునేవి, ఒళ్లు నాక్కునేవి. ఒక ఏడు మధ్యాహ్నం పండ్లు రాలినట్టు రాలిపడ్డాయి. బతికినవాటి మీద నాయనమ్మ కడవతో నీళ్లు చల్లింది. 2018 నవంబరులో ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ చుట్టుపక్కల ఇలాగే రెండు రోజుల్లో దాదాపు 23 వేల పండ్ల గబ్బిలాలు చనిపోయాయని చదివినప్పుడు ఆ చెట్టే గుర్తొచ్చింది. అంత పెద్దవే తట్టుకోలేని ఎండని, పిడికిట్లో పట్టే ఈ ప్రాణాలు ఎలా తట్టుకుంటున్నాయి?

ఆ రాత్రి గదిలో కూలరు పక్కన కూర్చుని దొరికిందల్లా చదివాను. ఇవి రైనోపోమా జాతివి, తోక దాదాపు ఒళ్లంత పొడవు. ముక్కు రంధ్రాలు సన్నటి చీలికల్లా ఉండి మూసుకోగలవు, ఇసుక లోపలికి పోదు. మూత్రపిండాలు మూత్రాన్ని బాగా చిక్కబరిచి నీటిని ఒంట్లోనే నిలుపుతాయి. తాగే నీరు దొరకని చోట తిన్న పురుగుల్లోని తడే ఆధారం. ఒళ్లు చిన్నదైతే వేడి త్వరగా ఎక్కుతుంది, తడి కూడా త్వరగా పోతుంది. అందుకే మందపాటి రాతి చాటున, కదలకుండా పగలంతా గడుపుతాయి. మా మర్రిచెట్టు గబ్బిలాలకి ఆ చాటే లేదు.

నన్ను కట్టిపడేసింది ఇంకొకటి, అది ఆస్ట్రేలియా ఎడారిలోని వేరే చిన్న గబ్బిలాల సంగతి. ఎనిమిది గ్రాముల ప్రాణి, చుట్టూ గాలి 48 డిగ్రీలకి చేరితే నీళ్లు ఖర్చు పెట్టి ఒంటిని చల్లబరుచుకునే బదులు, ఒంటినే వేడెక్కనిచ్చింది. చర్మం దగ్గర కొలిస్తే 45 దాటింది, అయినా బతికింది. ఒంటికీ గాలికీ తేడా తగ్గితే లోపలికి వచ్చే వేడీ తగ్గుతుంది, నీరూ మిగులుతుంది. నేను మళ్లీ మళ్లీ తడుపుకునే సంచితో చేసే పనికి సరిగ్గా ఎదురు పని. పగలు జబ్బుపడ్డదానిలా ముడుచుకున్న ఆ తోక గబ్బిలాన్ని తలుచుకుంటే గొంతు పట్టేసింది.

తాత ‘లైటు వద్దు’ అన్న మాట కూడా అప్పుడే పూర్తిగా అర్థమైంది. ఎగరడమంటే కండరాలు విపరీతంగా వేడి పుట్టించే పని. ఆ వేడి మీద మిట్టమధ్యాహ్నపు ఎండ పడితే అంత చిన్న ఒళ్లు దాచుకోవడానికి ఏముంటుంది? మేం మెట్లెక్కుతుండగా ఇద్దరు కుర్రాళ్లు ఫొటో కోసం లోపలికి రాయి విసరబోయారు. తాత అడ్డం నిలబడి, కర్రతో నేలమీద కొట్టి పంపించేశాడు. నేనూ కోపంతో ఏదో అరిచాను, తెలుగులోనే.

మర్నాడు జైసల్మేర్ బస్సు. “నువ్వు ఎక్కవు కదక్కా” అన్నాడు తమ్ముడు. ఎక్కలేదు. ఆటో అతనికి బేరమాడకుండా నాలుగు వందలిచ్చి, పొద్దు వాలేసరికి బావడీ మెట్ల మీద కూర్చున్నాను. తాత చాయ్ ఇచ్చాడు, చక్కెర లేకుండా అడిగితే మేకపాలతో చేసి తెచ్చాడు. థర్మామీటరు ఇంకా 40 చూపిస్తోంది. ఎరుపు తగ్గి ఆకాశం బూడిద రంగుకి వచ్చాక ఒకటి వచ్చింది. తర్వాత రెండు. తర్వాత లెక్క తప్పింది. పిచ్చుకల్లాగా పైకి లేచి, రెక్క నిలిపి కిందికి జారి, మళ్లీ లేస్తూ, వెనక దారప్పోగులాంటి తోకతో ఖేజ్‌డీ చెట్ల మీదుగా వెళ్లిపోయాయి.

“ఇప్పుడు లైటు వేసుకో బేటీ” అన్నాడు తాత. వెయ్యలేదు. సంచి తీసి, సీసాలో మిగిలిన నీళ్లతో తడిపాను.