కరెంటు పోయిన పూట కోల్ గారి లెక్క

నిన్న మధ్యాహ్నం కరెంటు లేదు, ఫోన్‌లో చార్జింగూ లేదు. మావాడి రఫ్ నోటు తీసుకుని 761838257287ని 193707721తో హెచ్చవేయడం మొదలుపెట్టాను. రావాల్సింది 147573952589676412927. అంటే 67 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది. ఇది ప్రధాన సంఖ్యేనని 1644లో ఫ్రెంచి పండితుడు మెర్సెన్ రాశాడు. కాదని 1876లో గణితజ్ఞుడు లూకాస్ తేల్చాడు గానీ కారణాంకాలు దొరకలేదు. 1903లో న్యూయార్క్‌లో జరిగిన గణితజ్ఞుల సభలో అమెరికా గణితజ్ఞుడు కోల్ నోరు విప్పకుండా బోర్డు మీద ఈ గుణకారం చేసి కూర్చున్నాడట, చప్పట్లే చప్పట్లట!

నాకు మాత్రం మూడుసార్లు తప్పొచ్చింది. గుణకంలో మూడు ఏడులున్నాయి కదా అని ఒక వరస వేసి రెండుసార్లు కాపీ కొట్టాను. తీరా ఆ వరసే తప్పు. చేతిలో ఉన్న ఐదు కలపలేదు. నాలుగోసారి ఎడమ చివర ఒకటి వేస్తుండగా కరెంటొచ్చింది. ఫ్యాన్ గాలికి కాగితం మంచం కిందికి పోయింది.