మా వాడి మార్కర్‌కి ఏ సోలినాయిడ్?

మా పెద్దాడి పెయింట్‌బాల్ మార్కర్‌కి, అంటే గ్యాస్ ఒత్తిడితో రంగు బంతులు పేల్చే ఆట తుపాకీకి, ఏ సోలినాయిడ్ (కాయిల్‌కి, అంటే తీగచుట్టకి, కరెంటు ఇస్తే మధ్యలోని ఇనుప కడ్డీని లాగే పరికరం) వెయ్యాలన్న చర్చ మా ఇంట్లో సంక్రాంతికి మొదలై ఉగాది దాటాక గానీ తేలలేదు. వాడికి పదిహేనేళ్లు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న టిప్‌మన్ 98 కస్టమ్ ఉంది వాడి దగ్గర, పూర్తిగా మెకానికల్ మార్కర్. ట్రిగ్గర్ పనిని కరెంటుతో చేయించే రెడీమేడ్ ఎలక్ట్రానిక్ గ్రిప్ కూడా దానికి ఉందిగానీ, కొనడం కాదు, తనే కట్టాలని వాడి పట్టుదల.

డాలస్ శివార్లలో పెరిగే మన పిల్లలకి ఈ ఆట స్నేహితుల పుట్టినరోజు పార్టీల్లో పరిచయమవుతుంది. 1981లో న్యూహాంప్‌షైర్ అడవిలో మొదటిసారి ఆడినప్పుడు వాడినవి చెట్లకీ పశువులకీ రంగు గుర్తు వెయ్యడానికి తయారైన పిస్టళ్లు. ఆ చరిత్ర ఎంత చెప్పినా, చూడటానికి అది తుపాకీలాగే ఉంటుంది. నాకున్న భయం ఆట గురించి కాదు. 2014లో క్లీవ్‌లాండ్‌లో ఒక పార్కులో బొమ్మ తుపాకీ పట్టుకుని ఉన్న పన్నెండేళ్ల నల్లజాతి పిల్లాణ్ని పోలీసులు కాల్చి చంపారు. ఆ సంగతి మా వాడికి దాచకుండా చెప్పాను. మార్కర్ ఎప్పుడూ జిప్ వేసిన బ్యాగులోనే ప్రయాణం చెయ్యాలి, ఇంటి ముందు లాన్‌లోకి రాకూడదు, గ్యారేజ్ తలుపు మూశాకే బయటికి తియ్యాలి. మన రంగు పిల్లాడు ఇక్కడ ఆ మాత్రం జాగ్రత్త పడక తప్పదు. వాడు ఎదురు చెప్పలేదు.

మా అత్తయ్యగారి సందేహం వేరు. ఆ రంగు బంతుల పైపొర జెలటిన్, అంటే జంతువుల నుంచి వచ్చేది. మాది శాకాహారుల ఇల్లు. ఆడి వచ్చాక స్నానం చేసి గానీ వంటింట్లోకి రాకూడదని ఆవిడ అన్నారు, వాడు సరేనన్నాడు. దసరాకి మార్కర్‌ని కూడా ఆయుధపూజలో పెడతానంటే మాత్రం నేను ఒప్పుకోలేదు. మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, స్క్రూడ్రైవర్లు పెట్టి బొట్టు పెట్టాం. అవే వాడి పనిముట్లు.

ఇక అసలు విషయం. సోలినాయిడ్ అనగానే వాడి మనసు గాలి వాల్వ్ మీదకి పోయింది, టోర్నమెంట్ మార్కర్లలో ఉండేది అదే కాబట్టి. అందులో కాయిల్ చేసే పని ఒక చిన్న వాల్వ్‌ని కదపడమే, మిగతా బలమంతా గాలిది. కానీ ఆ చిన్న వాల్వ్‌లు చాలావరకు సుమారు 100 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) లోపు ఒత్తిడికి చేసినవి. ట్యాంక్ నుంచి మార్కర్‌కి వచ్చేది సుమారు 800 పీఎస్‌ఐ. మధ్యలో ఒత్తిడి తగ్గించే ఇంకో రెగ్యులేటర్, గొట్టాలు, చిన్న సిలిండర్ పెట్టాలి. పైగా వాడు ఇంకా కార్బన్ డయాక్సైడ్ ట్యాంకే వాడుతున్నాడు. చలిరోజున ద్రవం ఒక చుక్క లోపలికి వెళ్లినా వాల్వ్ సీళ్లు పాడవుతాయి. ఆ దారి వద్దన్నాను. మిగిలింది రెండోది, విద్యుదయస్కాంతంతో సియర్‌ని నేరుగా లాగడం. సియర్ అంటే లోపల హ్యామర్‌ని, అంటే వాల్వ్‌ని కొట్టి గాలి వదిలే బరువుని, వెనక్కి ఆపి ఉంచే ఉక్కు కొక్కెం. మామూలుగా ట్రిగ్గర్ ఆ కొక్కేన్ని కదుపుతుంది, ఇక మీదట ప్లంజర్, అంటే సోలినాయిడ్ లోపలి కడ్డీ, కదుపుతుంది. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది: బంతి వేగం దీనితో పెరగదు. వేగాన్ని నిర్ణయించేది గాలీ, వాల్వూ, స్ప్రింగూ. మా ఫీల్డ్‌లో సెకనుకి 280 అడుగులు దాటనివ్వరు. ఆ సంఖ్యని మేం ముట్టుకోవడం లేదని తెలిశాక నాకు సగం టెన్షన్ తగ్గింది.

ఎంత బలం కావాలో తేల్చడానికి వాడు ఇండియా ప్రయాణాలకి సూట్‌కేసులు తూచే కొక్కెం తక్కెడ తెచ్చాడు. 23 కిలోలు దాటకుండా ఆవకాయ జాడీలు అటూ ఇటూ మార్చేది దాంతోనే. ట్యాంక్ తీసేసి, బంతులు లేకుండా, హ్యామర్‌ని వెనక్కి లాగి, సియర్‌కి సన్నటి తీగ కట్టి మెల్లగా లాగాడు. కిలోకి కాస్త పైన హ్యామర్ వదులైంది. కొంచెం ఆయిల్ వేసి లాగితే కిలో లోపే. లెక్కకి మాత్రం పెద్ద సంఖ్యే తీసుకున్నాం, దానికి రెట్టింపు బలం కావాలనుకున్నాం. దుమ్ములో, చలిలో, అరిగిన కొక్కెంతో కూడా అది పనిచెయ్యాలి కదా.

వాడు చూపించిన మొదటి సోలినాయిడ్ మీద 25 న్యూటన్లు అని ఉంది, అంటే సుమారు రెండున్నర కిలోలు. చాలు అన్నాడు. ప్లంజర్ ఎక్కడుంటే ఎంత బలం ఉంటుందో చూపే గ్రాఫ్ నేను అడిగాను. ఈ ఒక్క విషయం దగ్గర నేను చాలాసేపు కూర్చోబెట్టాను, ఎందుకంటే అందరూ మోసపోయేది ఇక్కడే. ప్లంజర్ పూర్తిగా లోపలికి వెళ్లి ఆగిన చోట ఉండే బలం అది. బయటికి జరిగేకొద్దీ అయస్కాంతం పట్టు చాలా వేగంగా పడిపోతుంది. పది మిల్లీమీటర్ల దూరంలో ఆ బలంలో చిన్న వంతు మాత్రమే మిగులుతుంది. మనకి బలం కావాల్సింది సియర్ వదులయ్యే క్షణంలో. కాబట్టి గ్రాఫ్ ఇచ్చిన కంపెనీవే చూడాలి, సియర్ పని ప్లంజర్ చివరి రెండు మూడు మిల్లీమీటర్లలో జరిగేలా లింకు కట్టాలి. ముందుండే ఖాళీ ప్రయాణంలో ప్లంజర్ ఊపందుకుంటుంది, అది కూడా మనకి లాభమే. వాడు అట్టముక్కలతో లివర్లు కత్తిరించి, గుండుసూదులు గుచ్చి, ఏ రంధ్రం ఎక్కడుంటే ఎంత కదులుతుందో డైనింగ్ టేబుల్ మీదే తేల్చాడు.

బెంచ్ మీద మొదటి టెస్టు తొమ్మిది వోల్టుల బ్యాటరీతో. ఒకసారి టక్కుమని లాగుతోంది, రెండు మూడుసార్లు మెత్తగా ఆడి ఊరుకుంటోంది. సరిగ్గా అప్పుడే విజయవాడ నుంచి మా నాన్నగారి వీడియో కాల్. ఆయన ఆటోనగర్‌లో లారీల ఎలక్ట్రికల్ పని చేసినవారు. ఫోన్ టేబుల్ మీద ఆనించి ఉంది, ఆయనకి కనిపిస్తున్నది మా గ్యారేజ్ పైకప్పు మాత్రమే.

"ఏరా నాన్నా, ఏంటది? సోలినాయిడా?"

"అవును తాతయ్యా. నీకెలా తెలుసు?"

"సెల్ఫ్ కొట్టినప్పుడు వినేది అదే కదరా. దానికి కరెంటు చాలట్లేదు. మీటర్ పెట్టి చూడు. ఊరికే ఉన్నప్పుడు కాదు, అది లాగుతున్నప్పుడు చూడు."

చూశాడు. తొమ్మిది చూపించే మీటర్, బటన్ నొక్కగానే అయిదు దగ్గరకి పడిపోయింది. వోల్టేజ్ అంత పడితే కాయిల్‌కి అందే పవర్ మూడో వంతుకి తగ్గుతుంది. సోలినాయిడ్‌ది తప్పు కాదు, బ్యాటరీ అంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వలేకపోతోంది.

ఆ తర్వాత వాళ్లిద్దరి మాటలు ఆగలేదు. లారీ సెల్ఫ్ సోలినాయిడ్‌లో రెండు కాయిల్స్ ఉంటాయని ఆయన చెప్పారు. లాగే కాయిల్ బోలెడు కరెంటు తాగుతుంది, లాగేశాక పట్టుకుని ఉంచే కాయిల్‌కి కొంచెం చాలు. పట్టుకునే కాయిల్ తెగితే టకటకా కొట్టుకుంటుంది. "మరి నీ దాంట్లో పట్టుకునే కాయిల్ ఏదిరా?" అని అడిగారు. తనకి పట్టుకునే అవసరమే లేదని మా వాడు వివరించాడు: బంతి వెళ్లాక కొంత గాలి హ్యామర్‌ని మళ్లీ వెనక్కి తోస్తుంది, అది వచ్చేసరికి సియర్ తన చోటికి లేచి పట్టుకోవాలి, ప్లంజర్ ఇంకా లాగి ఉంచితే ట్రిగ్గర్ వదిలేసినా ఇంకోసారి పేలుతుంది. చేతులతో చూపిస్తూ, మాట దొరకని చోట ఇంగ్లీషు వేసుకుంటూ, మొత్తం తెలుగులోనే చెప్పాడు. "బాగున్నాను తాతయ్యా, అమ్మకిస్తా" అని ఫోన్ నా చేతిలో పెట్టే పిల్లాడు వీడే. వారాంతపు తెలుగు బడికి వాణ్ని ఏళ్లుగా పంపాను, దాని విలువ నాకు తెలుసు. అయినా, తాతా మనవలు మాట్లాడుకోవాలంటే ఇద్దరూ పట్టించుకునే విషయం ఒకటి మధ్యలో ఉండాలని నా గట్టి నమ్మకం. వాడి ఆటల్లో అలాంటిది ఉందేమోనని ముందు మనమే వెతకాలి.

చివరికి కొన్నది లాగే రకం, 12 వోల్టుల కాయిల్, 4 ఓమ్‌ల నిరోధం. అంటే 3 ఆంపియర్లు, 36 వాట్లు. అంత పవర్ నిరంతరం ఇస్తే కాయిల్ కాలిపోతుంది, అందుకే దాని మీద 10 శాతం డ్యూటీ అని రాసి ఉంది, అంటే మొత్తం సమయంలో పదో వంతే కరెంటు ఇవ్వాలి. ఒక్కో షాట్‌కి కరెంటు ఇచ్చే సమయం, అంటే డ్వెల్, 12 మిల్లీసెకన్లు చాలని టెస్టుల్లో తేలింది. సెకనుకి ఎనిమిది షాట్లకి లాక్ చేస్తే మొత్తం 96 మిల్లీసెకన్లు, పది శాతానికి లోపలే. వాడు పది అడిగాడు, నేను ఈ లెక్క చూపించాను. బ్యాటరీ మూడు సెల్స్ లిపో (లిథియం పాలిమర్), ఎవరూ ఇంట్లో లేనప్పుడు ఛార్జింగ్ పెట్టకూడదు.

కరెంటు ఆపినప్పుడు కాయిల్ ఎదురు కొడుతుంది, కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ లేకపోతే కాయిల్‌కి స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ పోతుంది. ఉత్తి డయోడ్ పెడితే కరెంటు కాయిల్‌లోనే తిరిగి తిరిగి నెమ్మదిగా చస్తుంది, ప్లంజర్ ఆలస్యంగా వదులుతుంది. మన సియర్ త్వరగా లేవాలి కాబట్టి డయోడ్‌తో వరుసగా, ఆ కరెంటుని త్వరగా చంపే ఒక జీనర్ డయోడ్ పెట్టించాను. ట్రిగ్గర్ స్విచ్ ఒక్క నొక్కుకి అదిరి రెండు మూడు సిగ్నల్స్ పంపకుండా ప్రోగ్రామ్‌లో కాపలా కూడా పెట్టాం: ఒక నొక్కుకి ఒకటే బంతి.

ఫీల్డ్‌లో రెఫరీ వేగం కొలిచి, ట్రిగ్గర్ తనే నొక్కి చూసి, ఆడుకోమన్నాడు. మాస్క్ తియ్యకూడదన్న నియమం నాకూ వర్తిస్తుందట, నెట్ అవతల నిలబడమన్నాడు, నిలబడ్డాను.

ఇప్పుడు తాతా మనవలిద్దరూ మళ్లీ గాలి వాల్వ్ గురించి మాట్లాడుకుంటున్నారు. లారీ ఎయిర్ బ్రేకుల్లో వాల్వ్‌లు ఎలా ఉంటాయో నాన్నగారు వేసవిలో వచ్చినప్పుడు బొమ్మ గీసి చూపిస్తారట. కార్బన్ డయాక్సైడ్ మానేసి గాలి ట్యాంక్‌కి మారేదాకా, రెగ్యులేటర్ ఏదో తేలేదాకా వాల్వ్ కొనడానికి వీల్లేదని ఇద్దరికీ చెప్పాను.