వీణకూ ఒక సీటు

వీణను విమానంలో తీసుకెళ్లడానికి ఉన్నవి రెండే దార్లు. లగేజీలో వేసి దేవుడి మీద భారం వెయ్యడం, లేదా పక్క సీటు కొనడం. పైన సామాన్ల అరలో పెడదామంటే నాలుగడుగుల వాద్యం, పెట్టెతో కలిస్తే ఇంకా పొడవు. పట్టదు. ఖర్చు కళ్ల ముందు కనిపిస్తున్నా నేను సీటే కొన్నాను.

పైన ఎత్తులో గాలి ఒత్తిడికి వాద్యం పాడవుతుందని చాలామంది అంటుంటారు. మనం కూర్చునే చోట ఎంత ఒత్తిడి ఉంటుందో కింద సామాన్ల గదిలోనూ అంతే ఉంటుంది. నాకున్న భయమల్లా నేల మీద జరిగే వాటి గురించే. పెట్టెను విసరడం, దాని మీద ఇంకో పెట్టె వెయ్యడం, విమానం పక్కన ఎండలో బండి మీద వదిలెయ్యడం. వీణ మీద స్వరస్థానాలు చూపే 24 మెట్లూ మైనం మీదే కూర్చుంటాయి. ఎండకు మైనం మెత్తబడి ఒక్క మెట్టు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. ఒకే దుంగలో తొలిచింది కాకుండా ముక్కలు కలిపి చేసిన అతుకు వీణ అయితే, పొడవాటి దండి, గుండ్రటి కుండ కలిసే చోటు గురించి ఇంకో బెంగ. పోనీ నష్టపరిహారం వస్తుందా అంటే, అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం కింద సామాను విషయంలో విమాన సంస్థ బాధ్యత మామూలుగా మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కకు వాడే ప్రమాణం) దాటదు. విలువ ముందే ప్రకటించి అదనంగా కడితే తప్ప అంతే. అందుకే వాద్యానికి విడిగా బీమా చేయించాను.

వాద్యానికి సీటు ఆన్‌లైన్‌లో దొరకలేదు, ఫోన్ చెయ్యాల్సి వచ్చింది. "రెండో ప్రయాణికుడి వయసెంతండీ?" అని అడిగిందా అమ్మాయి. వీణండీ అన్నాను. కాసేపు పాట వినిపించి, మళ్లీ లైన్లోకి వచ్చి, ఈసారి పొడవు, వెడల్పు, బరువు అడిగింది. అసలు అడగాల్సినవి అవే. టికెట్ మీద పేరు ఉండాల్సిన చోట నా ఇంటిపేరు, పక్కన సీబీబీజీ అనే కోడ్ వచ్చాయి. సీటులో ప్రయాణించే సామానుకు అదే గుర్తు. కొలతలు ఒప్పుకున్నట్టు మెయిల్‌లో రాయించుకుని, ప్రింటు తీసి పెట్టుకున్నాను. కౌంటర్ దగ్గర అందరి నోళ్లూ మూయించింది ఆ కాగితమే.

నిబంధనలు ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటాయి. అమెరికాలో మాత్రం 2015 నుంచి ఖచ్చితమైన నియమం ఉంది. చిన్న వాద్యాన్ని ఎక్కే సమయానికి అరలో చోటుంటే ఒప్పుకోవాలి. పెద్దదానికి సీటు కొంటే, బరువు 165 పౌన్ల లోపు ఉండి, భద్రతకు అడ్డు కాకపోతే ఎక్కించుకోవాలి. దేశాలు దాటేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: పాత వీణల మీద ఏనుగు దంతంతో చేసిన నగిషీ ఉంటే అంతరించిపోతున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందం అడ్డొస్తుంది, సరైన పత్రాలు లేకపోతే సరిహద్దు దగ్గరే ఆపేస్తారు. నాది ప్లాస్టిక్ నగిషీ. ఎప్పుడూ చిన్నతనంగా అనిపించే ఆ ప్లాస్టిక్ ఈసారి ఎంత మేలు చేసిందో!

ముందు రోజు తీగలు ఒకటి రెండు స్వరాలు దించాను. పూర్తిగా వదల్లేదు, ఆ బిగువు లేకపోతే తీగల్ని మోసే బ్రిడ్జి నిలవదు. సొరకాయ బుర్ర మర విప్పి, బట్టలో చుట్టి, చేతి సంచిలో పెట్టుకున్నాను.

సెక్యూరిటీలో పెట్టె ఎక్స్‌రే యంత్రంలో దూరలేదు. పక్కకు తీసుకెళ్లి తెరిపించారు. ఆ అధికారి గుడ్డముక్కతో వీణ కొసన చెక్కిన యాళి తల నోరు కూడా తుడిచి యంత్రంలో పెట్టి చూశాడు. తర్వాత మెట్ల కింద నల్లటి మైనం వైపు వేలు చూపించి "ఇదేంటండీ?" అన్నాడు. మైనమండీ, గట్టిగా నొక్కకండి, అన్నాను. మెట్టు ఆనుకుని ఉన్న అంచును గోటితో మెల్లగా తాకి, వాసన చూసి, తల ఊపాడు. నా గుండె అప్పటికి గాని కుదుటపడలేదు.

వాద్యానికి కిటికీ పక్క సీటే ఇస్తారు, ఎవరి దారికీ అడ్డు రాకుండా. ఎమర్జెన్సీ తలుపుల వరుసలో ఇవ్వరు. సన్నటి కొన కాళ్ల దగ్గర పెట్టి, కుండ వైపు సీటులో ఆనించి, పొడిగింపు బెల్టు అడిగి రెండు చుట్లు బిగించాం. ముందు సీటాయనకు సంగతి చెప్పి, సీటు వెనక్కి వాల్చొద్దని బతిమాలాను. ఆయన మంచివాడు, దారి పొడుగునా నిటారుగానే కూర్చున్నాడు.

క్యాబిన్‌లో గాలి బాగా పొడిగా ఉంటుంది, తేమ తరచూ 20 శాతం లోపే. అందుకని చేరాక పెట్టె వెంటనే తెరవలేదు, ఒక రాత్రి అలాగే ఉంచాను. తీగలు దిగాయి గానీ మెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

తిరుగు ప్రయాణానికి వారం ముందు మళ్లీ ఫోన్ చేశాను. ఈలోగా ఇంకా చిన్న విమానం వేశారట. కొలతల దగ్గర్నుంచి మళ్లీ మొదలు.